నీళ్ళు తాగాక వచ్చే మాట

శనివారం మధ్యాహ్నం జమ్మలమడుగు నుంచి కార్డు వచ్చింది. చీటీలమ్మ పోయిందని ఆమె అన్న కూతురు రాసింది. బుధవారం పొద్దున రాగి గంజి కాచి ఇస్తే వద్దని చెయ్యి ఊపి, గోడ వైపు తిరిగి పడుకుందట. మళ్ళీ ఇటు తిరగలేదట. చావు కబురు తెచ్చిన కార్డును చదివిన వెంటనే చించి పారేయాలని మా వైపు ఆచారం. మా అత్త వాకిట్లోనే అడ్డం నిలబడి, "చించెయ్యమ్మే, లోపలికి తేవాకు" అంది. నేను చించలేకపోయాను. కార్డులో కింద సగం ఖాళీగా ఉంది. అంత జాగా కనబడితే చీటీలమ్మ ఊరుకునే మనిషి కాదు. కత్తెర తీసుకొని రెండు చీటీలు చేసి ఉండేది.

కార్డు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. దాన్ని ఎదురుగా పెట్టుకొనే ఇది రాస్తున్నాను. మా అత్తకు తెలియదు, మీరూ చెప్పొద్దు.

చీటీలమ్మకు పేరు లేక కాదు, ఆ పేరుతో పిలిచినవాళ్ళు లేరు. ప్రొద్దుటూరులో ఒక బట్టల వ్యాపారి తన తల్లి జ్ఞాపకంగా ఆడవాళ్ళకు చిన్న ఆసుపత్రి కట్టించాడు. ఎనిమిది మంచాలు, ఒక పెద్ద వసారా. ఆ వసారా చివర ఒక మేజా, దాని వెనక ఆమె. వచ్చినవాళ్ళు ముందు ఆమె దగ్గర కూర్చుని ఏమి బాధో చెప్పుకోవాలి. ఆమె దాన్ని ఇంగ్లీషులో చిన్న చీటీ మీద రాసిస్తే, ఆ చీటీ పట్టుకొని లోపల డాక్టరమ్మ దగ్గరికి పోవాలి. అందుకే చీటీలమ్మ. పాత క్యాలెండర్ల కాగితాలు, పెళ్ళి పత్రికల వెనక భాగాలు, అంగళ్ళలో పొట్లాలు కట్టే కాగితాలు, అన్నీ ఆమె చేతిలో ఒకే కొలత చీటీలయ్యేవి. జమ్మలమడుగులో థర్డు ఫారం దాకా చదివిందట. ఆ మాత్రం చదువుతో అంత ఇంగ్లీషు ఎలా వచ్చిందో నాకు ఎప్పటికీ అర్థం కాలేదు.

నేను ఆ ఆసుపత్రిలో చేరింది కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో. మద్రాసు వైపు నుంచి వచ్చిన ఉద్యోగులు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్న రోజులు. మా డాక్టరమ్మ మాత్రం ఉండిపోయింది. ఆమెది మలయాళం. తెలుగులో ఆమెకు వచ్చింది ఒకే ఒక్క మాట, నొప్పి. నాకు పంతొమ్మిదేళ్ళు, ఎస్సెల్సీ పాసయ్యానన్న గర్వం ముక్కు మీద ఉండేది. మా నాయన నూలు అంగట్లో గుమాస్తా. ఆయన వ్యాపారితో చెప్పించి నన్ను రెండో చీటీల మనిషిగా పెట్టించాడు. నా గుణం ముందే చెప్పుకుంటాను. నోట్లో నువ్వుగింజ నానదు, కాలు ఒకచోట నిలవదు. అన్నం ఉడకకముందే విస్తరి వేసుకొని కూర్చునే రకాన్ని.

నేను చేరకముందు జరిగిన సంగతి ఒకటి చీటీలమ్మ నవ్వుకుంటూ చెప్పేది. డాక్టరమ్మ వచ్చిన మొదటి నెలలో చీటీలు లేవు, ఏమీ లేవు. ఆమే పొట్ట నొక్కి, "నొప్పి ఉండా?" అని అడిగేది. "లేదమ్మా" అనేవాళ్ళు ఆడవాళ్ళు. డాక్టరమ్మకు తల తిరిగిపోయింది. పులివెందుల దాపు పల్లెల నుంచి రెండు బస్సులు మారి, ఎండలో పడి వచ్చి, నొప్పి లేదని చెప్పి పోవడమేమిటి? అప్పట్లో మంచాల దగ్గర ఆయాగా ఉన్న ఈమె అడ్డం వచ్చి, తనకొచ్చిన ఇంగ్లీషులో చెప్పిందట, అమ్మా, వాళ్ళకు ఉండేది నొప్పి కాదు, సలుపు, ఇంకొకామెకు ఉండేది పోటు, ఆ మూలామెకు తీపులు, నొప్పి అని అడిగితే లేదనే అంటారు అని. డాక్టరమ్మ మరుసటి రోజే వసారా చివర మేజా వేయించింది.

దాంతోపాటు ఒక కాగితం టైపు కొట్టి ఇచ్చింది. తన లావుపాటి నిఘంటువు చూసి, పెయిన్ అనే ఒక్క మాటకు ఎన్ని అర్థాలున్నాయో, దానికి బదులు వాడే మాటలేమున్నాయో వరసగా దింపింది. పైన ఒంటికి వచ్చేవి: ఏక్, త్రాబింగ్, షూటింగ్, బర్నింగ్, క్రాంప్, స్టింగ్. వాటి కింద అడ్డంగా ఒక గీత. గీత కింద మనసుకు వచ్చేవి: గ్రీఫ్, శారో. అట్టడుగున, ఒక పని కోసం తీసుకునే శ్రమను కూడా ఇంగ్లీషువాళ్ళు అదే మాటతో చెబుతారని ఒక ముక్క. చీటీలమ్మ ఆ కాగితాన్ని ఒక పొడుగు నోటుబుక్కు అట్ట లోపల గంజితో అతికించింది. ఒక్కో ఇంగ్లీషు మాటకు కొన్ని పేజీలు కేటాయించింది. ఆ పేజీల్లో మన ఆడవాళ్ళ మాటలు నింపడం మొదలుపెట్టింది.

ఆ నోటుబుక్కు ఇప్పుడు నా పెట్టెలో ఉంది. తీసి చదివితే ఎవరో వసారాలో కూర్చుని మాట్లాడుతున్నట్టే ఉంటుంది. త్రాబింగ్ కింద సలుపు, దాని పక్కన టీసు. "దర్దు కాదమ్మా, టీసు" అని ప్రొద్దుటూరులో గాజులమ్మే ఆమె చెప్పిన మాట. క్రాంప్ కింద మెలి, గుంజుడు, కండ పట్టు. స్టింగ్ కింద చురుకు. ఏ ఇంగ్లీషు మాట కిందా ఇమడనివి చివర వేరే పేజీలో ఉన్నాయి. నడుములో బండ మొలిచినట్ల, అని నాపరాళ్ళు మోసే ఆమె. వేళ్ళల్లో చీమలు కాపురం పెట్టినాయి, అని పులివెందుల దగ్గర శనక్కాయలు వొలిచే అవ్వ. ప్రతి మాట పక్కనా చెప్పినామె ఊరు, చేసే పని రాసి ఉంటాయి. పేరు ఉండదు. పేరెందుకు రాయలేదని అడిగితే, "పేరు రాస్తే ఆమె ఒగదానిదే అయితాది. నొప్పి అట్ల ఒగరి సొత్తు కాదులే పిల్లా" అంది.

నోటుబుక్కుకు ఒక కట్టుబాటు ఉండేది. తనకు తెలిసిన మాట తను రాసుకోకూడదు. రోగి తనంతట తాను, చెయ్యి నొప్పి మీద పెట్టుకొని చెప్పిన మాటే రాయాలి. ఇంకొక కట్టుబాటు నోటుబుక్కుది కాదు, మేజాది. మనం మాట అందించకూడదు. నొప్పా, మంటా, పోటా అని అడగకూడదు. "ఏందమ్మా?" అని ఒక్క మాట అడిగి, పెన్ను కింద పెట్టి, గ్లాసులో నీళ్ళు పోసి ఆమె ముందుకు జరిపి, ఊరికే కూర్చోవాలి. పెన్ను చేతిలో ఉంటే రాసేస్తారని మాట భయపడుతుందట.

"చదువుకున్నోళ్ళం, మేజా ఏసుకోని కూర్చున్నోళ్ళం మనం. మంటనా అని అడిగితే ఔనమ్మా అంటారు. పోటా అన్నా ఔనమ్మా అనే అంటారు. కాదని చెప్తే మనం చిన్నబోతామని వాళ్ళకు భయం. అందుకే నువ్వు గమ్మునుండల్ల. ఆమె నీళ్ళు తాగల్ల. నీళ్ళు తాగినాక మాట దానంతట అదే వస్తాది" అనేది.

నిజంగానే వచ్చేది. నేను ఎన్నిసార్లు చూశానో. ఆమె ముందు కూర్చున్న మనిషి కొంగు సర్దుకుంటుంది, బస్సు సంగతి చెబుతుంది, కోడలి సంగతి చెబుతుంది, వసారాలో ఫలానా బండ విరిగిందే అంటుంది. ఆ తర్వాత గ్లాసెత్తి రెండు గుక్కలు తాగి, కింద పెట్టి, అప్పుడు చెబుతుంది. గ్లాసు దించడానికీ మాట రావడానికీ మధ్య మూడు లెక్కపెట్టేంత సమయం కూడా పట్టదు. ఊరి బయట పల్లె నుంచి వచ్చినవాళ్ళు కొందరు గ్లాసు ముట్టకుండా దోసిలి పట్టేవాళ్ళు. "గ్లాసు పట్టుకోమ్మా, నేనూ దాంట్లోనే తాగుతా" అని, నమ్మకం కుదరడానికి తను ముందు ఒక గుక్క తాగి ఇచ్చేది. ఆ సంగతి వ్యాపారి ఇంటిదాకా పోయి రెండుసార్లు మాట కూడా పడింది. గ్లాసు మాత్రం మార్చలేదు.

నాకు ఇదంతా చచ్చే చిరాకు. బయట నలభై మంది కూర్చుని ఉంటారు, ఈమె ఒక్కొక్కరి ముందు నీళ్ళు పెట్టుకొని ఎండిన ఉసిరి ముక్క బుగ్గన పెట్టుకొని కూర్చుంటుంది. ఆలస్యం అమృతం విషం కదమ్మా అంటే, "ఆత్రగానికి బుద్ధి మట్టు" అని తిరిగి వడ్డించేది. నేను సామెత చెబితే సామెతతోనే కొట్టడం ఆమెకు సరదా.

ఒకసారి మూడు రోజులు ఆమెకు జ్వరం వచ్చింది. మేజా నాకు దొరికింది. ఎంత హుషారుగా కూర్చున్నానో చెప్పలేను. మూడో రోజు సంత. వసారా, మెట్లు, వేపచెట్టు నీడ, అంతా జనమే. నేను టకటకా అడుగుతున్నాను, టకటకా రాస్తున్నాను. జమ్మలమడుగు నుంచి ఒక మగ్గం నేసే ఆమె వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయేమో, పొట్ట పట్టుకొని వంగి కూర్చుంది. ముఖం చూసి "మంటనా?" అన్నాను. "ఔనమ్మా" అంది. బర్నింగ్ అని రాసి చేతిలో పెట్టాను. లోపల కూడా రద్దీయే. డాక్టరమ్మ చీటీ చూసి కడుపు మంటకిచ్చే తెల్లమందు సీసాలో పోయించింది. ఆమె మధ్యాహ్నం బస్సుకు వెళ్ళిపోయింది. ఆ రోజు నేను పొద్దు వాలకముందే అందరినీ పంపేశానని ఎంత మురిసిపోయానో.

మరుసటి రోజు చీటీలమ్మ వచ్చింది. ఇంకా కళ్ళు ఎర్రగానే ఉన్నాయి. డాక్టరమ్మ దగ్గర నుంచి తిరిగి వచ్చిన చీటీలన్నీ తీగకు గుచ్చి ఉంటే, ఒక్కొక్కటే తీసి చదువుతూ, ఆ చీటీ దగ్గర ఆగింది.

"ఈమె యాడ చెయ్యి పెట్టుకుంది?" అని అడిగింది.

"పొట్ట మీద."

"పొట్ట మీద అంటే యాడ? బొడ్డు కాడనా, పక్కనా?"

నాకు గుర్తు రాలేదు. కొంచెం కుడివైపు వంగి కూర్చుందేమో అన్నాను.

"నీళ్ళు తాగిందా?"

నేను కిటికీ వైపు చూశాను. గ్లాసు ఆ మూడు రోజులూ కిటికీలో బోర్లించే ఉంది.

చీటీలమ్మ గొడుగు తీసుకొని, "పా" అంది. ఇద్దరం రెండు గంటల బస్సెక్కి జమ్మలమడుగు పోయాం. చీటీలో పేరూ ఊరూ తప్ప ఏమీ లేవు. మగ్గాలున్న వీధులన్నీ తిరిగాం. ఆ పేరుగలవాళ్ళు ముగ్గురు దొరికారు, ముగ్గురూ మగ్గం గుంతల్లో కాళ్ళు పెట్టుకొని నిక్షేపంగా నేస్తున్నారు. నాకు ఏడుపు వస్తోంది. చీటీలమ్మ వీధి మధ్యలో నిలబడి కాసేపు విని, "మగ్గం ఆడని ఇల్లు యాడుందో చూడు" అంది. వీధంతా టకటకలే. ఒక్క ఇంట్లో చప్పుడు లేదు. పోయి చూస్తే ఆమె చాప మీద మోకాళ్ళు గడ్డానికి తగిలేటట్టు ముడుచుకొని ఉంది. తెల్లమందు సీసా తల దగ్గరే ఉంది, సగం అయిపోయింది.

చీటీలమ్మ ఆమె పక్కన నేల మీద కూర్చుని, ఆ ఇంటివాళ్ళనే నీళ్ళడిగింది. అప్పుడు కూడా ఏమీ అడగలేదు. నేను లోపల్లోపల చచ్చిపోతున్నాను, అడగవేమమ్మా అని. చాప మీది ఆమె నీళ్ళతో పెదాలు తడుపుకుంది. ఆ తర్వాత చెప్పింది.

"బొడ్డు కాడ మొదలైందమ్మా. నిన్న ఈ పక్కకు దిగింది. పోగు తెగి ముడి పడినట్ల ఈడ కూర్చుంది. కదిలితే ఆ ముడిని ఎవరో పట్టి లాగతాండారు."

కుడి పక్కన, కింద, ఒక్క వేలితో చూపించింది. చీటీలమ్మ ఆ సాయంత్రం బస్సులోనే వెనక సీటు మొత్తం ఆమెకు ఇప్పించి పడుకోబెట్టింది. "గుంతల కాడ రొంత మెల్లగా తోలప్పా" అని డ్రైవరును అడిగితే, "సరేలేమ్మా, మా అమ్మను ఎక్కించుకున్న మాదిరి పోతా" అన్నాడు, అన్నట్టే పోయాడు. దీపాలు పెట్టే వేళకు ఆపరేషను బల్ల మీదికి చేర్చాం. ఇంకొక రోజు ఆలస్యమైతే దక్కేది కాదని డాక్టరమ్మ తర్వాత చెప్పింది. దక్కింది. నెల తర్వాత తన చేత్తో నేసిన తువ్వాలు తెచ్చి ఇచ్చిపోయింది. నాకు కూడా ఒకటి తెచ్చింది. ఆ తువ్వాలు నేను ఇంతవరకూ వాడలేదు.

ఆ బస్సులో చీటీలమ్మ నన్ను తిడుతుందని ఎదురు చూశాను. తిడితే బాగుండేది. ఆమె కిటికీలోంచి పెన్న ఏటి ఇసుకను చూస్తూ, "నువ్వు అబద్ధం రాయలేదులే. ఆమె చెప్పిందే రాసినావు. కాకుంటే ఆమె నీకు మర్యాద ఇచ్చింది పిల్లా, జబ్బు చెప్పలేదు" అంది. అంతే. ఇన్నేళ్ళలో నన్ను ఇంతగా పట్టి ఉంచిన మాట ఇంకొకటి లేదు. ఆ రోజు నుంచి నేను కూడా నీళ్ళ గ్లాసు పెట్టడం నేర్చుకున్నాను. పెన్ను కింద పెట్టడం నేర్చుకున్నాను. నా నాలుకను పళ్ళ మధ్య పట్టుకొని కూర్చోవడం అన్నిటికన్నా కష్టమైంది, అదీ నేర్చుకున్నాను.

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు పోయేనాటికి నోటుబుక్కు దాదాపు నిండింది. గీత కింది పేజీలు మాత్రం ఖాళీ. గ్రీఫ్ అని పైన రాసి ఉంటుంది, కింద ఒక్క అక్షరం లేదు. ఒంట్లో ఏ జబ్బూ లేకుండా వచ్చేవాళ్ళు లేరా అంటే, ఉన్నారు. బిడ్డ పోయినవాళ్ళు, మొగుడు వదిలేసినవాళ్ళు, ఊరికే ఎక్కడో ఒకచోట కూర్చోవాలని వచ్చేవాళ్ళు. వాళ్ళకు చీటీ మీద ఏదో ఒకటి రాసి లోపలికి పంపేది, లేదా వసారాలో బెంచీ మీద సాయంత్రం దాకా కూర్చోనిచ్చేది. వాళ్ళ మాటలు మాత్రం నోటుబుక్కులో ఎక్కించలేదు. ఎందుకని అడిగితే, "అవి డాక్టరమ్మకు పనికొచ్చేవి కావు" అంది. ఆమెకు ఆ కాగితంలో ఎక్కువ ఇష్టమైనది అట్టడుగు ముక్క. "సూడు, ఒగరి నొప్పి తెలియల్లంటే ఇంగొకరు నొప్పి పడల్లని ఇంగ్లీషోళ్ళకు గుడక తెలుసు" అనేది.

ఆమె సొంత సంగతి మాకెవరికీ తెలియదు. చేతులకు రెండేసి మట్టి గాజులు, మెడలో నల్లపూసలు ఉండేవి. అవి కట్టిన మనిషి ఉన్నాడో లేడో తెలియదు. నెలకొకసారి జమ్మలమడుగు పోయి వచ్చేది. వచ్చిన మరుసటి రోజు ఎవరితోనూ మాట్లాడకుండా చీటీలు కత్తిరించేది, అవసరం లేకపోయినా కత్తిరించేది. ఆయాలు రకరకాలుగా చెప్పుకునేవాళ్ళు. నేను ఉండబట్టలేక ఒక రోజు, "ఇందరి మాటలు రాస్తివి, నీ మాట ఒకటీ రాయవామ్మా?" అని అడిగేశాను.

ఆమె నవ్వింది. "నేను రాసుకోకూడదు కదా. అడిగేటోళ్ళు అడిగితే చెప్తా."

"నేను అడుగుతున్నా కదా."

"నువ్వు అడుగుతాండావు, నిజమే. కూర్చోలేవు" అంది.

నాకు పెళ్ళయి పులివెందుల వచ్చేటప్పుడు, బస్సు దగ్గరికి వచ్చి నా చేతిలో ఉసిరి ఒరుగుల పొట్లం పెట్టింది. నేను ఏడుస్తుంటే, "నాకు గుడక ఒగ రోజు ఏదో ఒగటి వస్తాది కదా పిల్లా. అప్పుడు రా. వచ్చి నీళ్ళు పెట్టు. నీకైతే చెప్తా" అంది. బస్సు కదిలేదాకా నిలబడింది. ఆ మాట ఆమె మరిచిపోయి ఉండొచ్చు. నేను మాత్రం అప్పుగా తీసుకున్న వస్తువులా దాచుకున్నాను.

ఆ తర్వాత డాక్టరమ్మ తన ఊరికి పోయింది. వ్యాపారి కొడుకులు ఆస్తి పంచుకున్నారు, ఆసుపత్రి గిడ్డంగి అయింది. చీటీలమ్మ జమ్మలమడుగులో అన్న కూతురి ఇంటికి చేరింది. పోయేముందు నోటుబుక్కు ఎవరితోనో నాకు పంపించింది. నాకు ఇక్కడి సర్కారు ఆసుపత్రిలో పేర్లు రాసే పని దొరికింది. నా మేజా మీద ఇప్పటికీ నీళ్ళ గ్లాసు ఉంటుంది. కొత్తగా వచ్చిన కుర్ర డాక్టరు, ఈమె చలివేంద్రం పెట్టిందిరా అని నవ్వుతాడు. నవ్వనీ.

పోయిన నెల అన్న కూతురు జాబు రాసింది, అత్త సరిగా తినడం లేదు, ఏమైందంటే చెప్పదు, నువ్వొస్తే చెబుతుందేమో అక్కా అని. ఆదివారం పొద్దున్నే బస్సెక్కాను. దారి పొడుగునా ఒకటే అనుకున్నాను. ఈసారి కూర్చుంటాను. ఎంతసేపైనా కూర్చుంటాను.

ఆమె వీధి వైపు గదిలో నులక మంచం మీద ఉంది. ఎంత చిన్నదైపోయిందో. చెంపలు లోపలికి పోయి, కళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి. నా సంసారం, నా పిల్లల చదువు, కుర్ర డాక్టరు నవ్వే సంగతి, అన్నీ అడిగింది. భోజనాలయ్యాక నేను లోపలికి పోయి గ్లాసులో నీళ్ళు తెచ్చి ఆమె చేతికి అందేటట్టు పీట మీద పెట్టాను. ఆమె గ్లాసును చూసింది, నన్ను చూసింది.

"నేర్చుకున్నావే" అంది.

"ఏందమ్మా?" అని ఒక్క మాట అడిగి కూర్చున్నాను.

పక్కింట్లో మగ్గం ఆడుతోంది. ఆమె దుప్పటి అంచు సర్దుకుంది. వంటింట్లో పొయ్యి పొగ సరిగా పోవడం లేదంది. ఈ ఏడు పెన్నలో నీళ్ళు రాలేదంది. ఇవి ఏ మాటలో నాకు తెలుసు. గ్లాసెత్తే ముందు అందరూ మాట్లాడే మాటలు ఇవే. ఆమె చెయ్యి దుప్పటి కిందినుంచి బయటికి వచ్చి మంచం పట్టె మీద ఆగింది. గ్లాసుకు జానెడు దూరం. నేను కదల్లేదు.

అప్పుడు అన్న కూతురి మొగుడు వాకిట్లోంచి కేకేశాడు. "అక్కా, ముద్దనూరు మీదుగా పోయే బస్సు వచ్చి నిలబడుకోనుంది. ఇది పోతే మళ్ళా రేపే." అన్న కూతురు, "ఈ పొద్దుకు ఉండరాదా అక్కా" అంది. ఉండొచ్చు. పిల్లలను మా అత్త చూసుకునేది. సోమవారం డ్యూటీకి ఒక పూట ఆలస్యంగా పోతే ఎవరూ ఉరి తీసేవాళ్ళు కాదు. నేను ఇది వంద రకాలుగా ఆలోచించాను, ఎలా చూసినా ఉండొచ్చు. కాని కాళ్ళు అప్పటికే నేల మీద ఆనించుకున్నాను. సంచి భుజానికి తగిలించుకున్నాను. వంగి, ఆమె చెయ్యి పట్టుకొని, ప్రేమతోనే, ఆ పాడు ఆత్రంతోనే అడిగేశాను.

"అమ్మా, నొప్పిగా ఉందా?"

చీటీలమ్మ నా ముఖంలోకి చూసింది. ఇన్నేళ్ళలో నన్ను పిల్లా అని తప్ప పిలవని మనిషి, వసారాలో బెంచీ మీద కూర్చున్న ఆడవాళ్ళ గొంతుతో, మెత్తగా చెప్పింది.

"ఔనమ్మా."

మళ్ళీ కూర్చుందామనే అనుకున్నాను. బస్సు హారను మోగింది. "మళ్ళా ఆదివారం వస్తానమ్మా, పొద్దున్నే వస్తా, రెండు రోజులుంటా" అన్నాను. "రా పిల్లా, బద్రంగా పో" అంది.

వాకిట్లోకి వచ్చి చెప్పులు వేసుకుంటూ వెనక్కి తిరిగి చూశాను. ఆమె మోచేతి ఊతంతో లేచి కూర్చుంది. రెండు చేతులతో గ్లాసెత్తి నీళ్ళు తాగుతోంది.